'అందరూ' నుంచి 'ఆమె' దాకా

తర్కశాస్త్రంలో మొట్టమొదట నేర్పే వాదం ఎక్కడైనా ఒకటే. మనుషులందరూ చనిపోతారు. సోక్రటీసు మనిషి. కాబట్టి సోక్రటీసు చనిపోతాడు. ఇక్కడ నేర్చుకోవలసింది సోక్రటీసు గురించీ కాదు, చావు గురించీ కాదు, వాదానికున్న రూపం గురించి అని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. సోక్రటీసు ఉన్నచోట ఎవరినైనా పెట్టుకోవచ్చు, రూపం మారదు. సరే, పెట్టి చూద్దాం. మనుషులందరూ చనిపోతారు. లక్ష్మి మనిషి. కాబట్టి లక్ష్మి చనిపోతుంది.

ఈ రెండో వాదాన్ని ఒకసారి పైకి చదవండి. 'చనిపోతారు' అనే క్రియ మనుషులకు మాత్రమే వాడేది. ఆవులు చనిపోతాయి, మొక్కలు చనిపోతాయి, మనుషులు చనిపోతారు. మొదటి వాక్యంలో లక్ష్మి ఆ 'రు' లోపలే ఉంది. మూడో వాక్యానికి వచ్చేసరికి ఆమెకు మిగిలిన క్రియ ఆవుకు వాడేదే. ఆవు చనిపోతుంది, మొక్క చనిపోతుంది, లక్ష్మి చనిపోతుంది. సోక్రటీసు అందరిలోంచి విడిగా బయటికొచ్చినా మనిషిగానే వచ్చాడు. లక్ష్మి దారిలో ఎక్కడో మనుషుల జాబితాలోంచి జారిపోయింది. గ్రీకు నుంచి ఇంగ్లీషు దాకా ఈ వాదాన్ని చెప్పిన ఎవరికీ ఇది కనిపించే అవకాశం లేదు. కనిపించాలంటే తెలుగులో చెప్పాలి, సోక్రటీసును తీసేసి ఒక ఆడమనిషిని పెట్టాలి.

ఈ సంగతి మన వ్యాకర్తలకు తెలియనిది కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తును నిర్వచించిన తీరు చూడండి. స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివి మహత్తులు. స్త్రీలను చెప్పే మాటలు మహతులు. అవి ఏకవచనంలో అమహత్తుల్లాగా, బహువచనంలో మహత్తుల్లాగా నడుస్తాయి. సూరి ఎవరినీ కించపరచడానికి ఈ మాట రాయలేదు, భాష ఎలా నడుస్తోందో నిక్కచ్చిగా పట్టుకున్నాడు. తెలుగులో స్త్రీ నలుగురితో ఉన్నప్పుడు మనిషి, ఒంటరిగా ఉన్నప్పుడు కాదు.

ఒంటరిగా ఉన్నా మనిషి క్రియ దక్కే మార్గం ఒకటుంది. అది గౌరవవాచకం. 'మేడమ్ వచ్చారు' అంటాం. క్యాంపస్‌లో ఆ 'రు' ఎవరికి దొరుకుతుందో ఒక్కరోజు చెవులు రిక్కించి వింటే చాలు, స్త్రీలందరం ఒకటే అనే మాట ఎంత తేలికగా అంటామో తెలుస్తుంది. ప్రొఫెసర్ వచ్చారు. వరండా ఊడ్చే ఆమె వచ్చింది. మా గోల్నాకలో 'వస్తది', 'వచ్చింది', 'వచ్చిన్రు' అంటాం. ఆప్యాయత ఉన్నచోట ఈ 'ది' ఎంత వెచ్చగా ఉంటుందో అమ్మను 'అమ్మ వస్తది' అనే వాళ్ళందరికీ తెలుసు. కానీ ఊడ్చే ఆమెకు వాడే 'ది'లో ఉన్నది ఆప్యాయత కాదు.

వ్యాకరణంలోంచి సమాజాన్ని నేరుగా పిండుకోలేం. తమిళంలో, కన్నడంలో ఆమె వచ్చినప్పుడు క్రియకు విడిగా స్త్రీ ప్రత్యయం ఉంది. అంతమాత్రాన అక్కడి స్త్రీలు మనకంటే ముందే మనుషులయ్యారని ఎవరూ అనరు. మలయాళంలో క్రియ ఎవరికైనా ఒకటే. గోండీలో బహువచనంలో కూడా స్త్రీలు మనుష్యేతరాల వైపే ఉంటారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు పునాది వేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, 2003లో వచ్చిన ద్రవిడ భాషల మీది పెద్ద పుస్తకంలో, మూల ద్రావిడంలో ఉన్నది ఈ గోండి తరహా పద్ధతేనని వాదించారు. ఆ లెక్కన తెలుగు స్త్రీలు బహువచనంలో మనుషుల వైపు రావడం తర్వాతి కాలపు మార్పు. అంటే తెలుగు వ్యాకరణంలో స్త్రీ మనిషి కావడం అనేది ఒకప్పుడు నిజంగా జరిగిన సంఘటన. అది జరిగింది కూడా గుంపుగానే. సంఘాలు పెట్టుకున్న మనకు ఇది కొత్తగా అనిపించదు.

సాహిత్యంలో పిహెచ్.డి. పూర్తయ్యాక, 2018లో, ఒక ఏడాదిపాటు తార్నాక వైపు క్లాసులకు పోయి తర్కం, భాషాతత్వం చదివే పీజీ పిల్లలతో కూర్చున్నాను. వాక్యం అర్థం గురించి సాహిత్య విమర్శ ఇచ్చిన పరికరాలు నాకు సరిపోలేదు. 'స్వరం', 'మౌనం', 'అస్తిత్వం' అనే మాటలు థీసిస్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వాటి వెనక ఏం జరుగుతుందో విడదీసి చూపమంటే కష్టమయ్యేది. క్లాసులో మొదటి నెల అంతా గుర్తులే. తలకిందులు చేసిన ఇంగ్లీషు 'ఎ' అక్షరం 'అందరూ' అని. వెనక్కి తిప్పిన 'ఇ' అక్షరం 'కనీసం ఒకరు ఉన్నారు' అని. ఆ గుర్తుల్లో క్రియాప్రత్యయాలు లేవు, లింగం లేదు, గౌరవం లేదు, యాస లేదు. గోల్నాక యాసతో వచ్చినదాన్ని కాబట్టి అక్కడ నాకు చాలా హాయిగా ఉండేది. ఆ హాయిని తక్కువ చేసి చెప్పలేను. నోరు తెరిస్తే ఊరు, కులం, మీడియం తెలిసిపోయే చోట, ఏదీ తెలియని భాష ఒకటి దొరకడం చిన్న విషయం కాదు.

ఆ గుర్తుల్లో నన్ను పట్టుకున్న నియమం యూనివర్సల్ ఇన్‌స్టాన్షియేషన్. అందరి గురించీ నిజమైన మాట ఏ ఒక్కరి గురించి అయినా నిజం. ఇంతకంటే తేలికైన నియమం ఉండదు. కానీ అందరి మీంచి ఒక్కరి మీదికి దిగాలంటే ఆ ఒక్కరికి ఒక పేరు కావాలి. సూత్రాల్లో దానికి చిన్న అక్షరాలు వాడతారు. అక్షరం లేకపోతే దిగడానికి చోటే లేదు. ఈ దేశంలో ఈ నియమం ఎక్కడ విరిగిందో వెతుక్కుంటూ పోతే నేను మొదట ఆగింది 1951-52 తొలి సాధారణ ఎన్నికల దగ్గర. రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. దాదాపు ఎనిమిది కోట్ల మంది స్త్రీలు ఓటర్లు కావాలి. నమోదు చేసే వాళ్ళు ఇంటికొచ్చి పేరడిగితే చాలామంది ఫలానావాడి తల్లిని, ఫలానావాడి భార్యను అని చెప్పారు. సొంత పేరు పరాయి మగవాడికి చెప్పడం ఆచారం కాదు. పేరు లేకుండా జాబితాలో ఉంచడానికి వీల్లేదని ఎన్నికల సంఘం తేల్చింది. దాదాపు 28 లక్షల మంది స్త్రీల నమోదులను కొట్టేశారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లవాళ్ళు.

పేరుకూ వర్ణనకూ తేడా ఏమిటన్నది భాషాతత్వంలో నూట ముప్పై ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. 1892లో ఫ్రేగె, వేగుచుక్క, సందెచుక్క అనే రెండు మాటలు చూపించేది ఒకే శుక్రగ్రహాన్నయినా వాటి అర్థాలు ఒకటి కావన్నాడు. 1905లో రసెల్ వర్ణన అనేది పేరే కాదన్నాడు. 1970లో క్రిప్కీ, పేరు మనిషిని ఏ వర్ణనతోనూ పని లేకుండా పట్టుకుంటుందన్నాడు. ఈ ముగ్గురిలో ఎవరి లెక్క ప్రకారం చూసినా 'రాములు తల్లి' అనే మాట, రాములు ఎవరో తెలిస్తే, ఒక మనిషిని గురి తప్పకుండా చూపిస్తుంది. మన ఎన్నికల అధికారులు రసెల్ కంటే కఠినులు. అయితే పేరు కావాలని పట్టుబట్టడం నాకు అన్యాయంగా తోచదు. తర్వాతి ఎన్నికలకు చాలామంది పేర్లు చెప్పారు, చెప్పించారు. ఒక స్త్రీ తన పేరు పరాయివాడి ముందు పలకడం, పలికింది కాగితం మీదికెక్కడం రాజకీయ చర్య అని నేను నమ్ముతాను. మా నాయనమ్మ రేషన్ షాపు వరుసలో తాతయ్య పేరు చెప్పాల్సివస్తే పక్కావిడ చేత చెప్పించేది. తన పేరు చెప్పాల్సివచ్చినప్పుడు మాత్రం, ఎవరూ ఎప్పుడూ అడగలేదేమో, చాలా గట్టిగా చెప్పేది.

గోల్నాక, తార్నాక, రెండు పేర్ల చివరా నాకా ఉంది. నాకా అంటే వచ్చేపోయేవాళ్ళను ఆపి చూసే చౌకీ. ఈ రెండు నాకాల మధ్య ఉన్న విశ్వవిద్యాలయంలోకి తర్కం ఏ భాషలో వచ్చింది, దాంతోపాటు ఎవరిని రానిచ్చారు అన్నది మరో చరిత్ర. ఉస్మానియా 1918లో ఏర్పడింది. అంతకు ఒక ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య అంతా చెప్పాలంటే ముందు పుస్తకాలుండాలి కదా. పుస్తకాలుండాలంటే మాటలుండాలి. గణితం, వైద్యం, చట్టం, తత్వశాస్త్రం, అన్నిటికీ ఉర్దూ మాటలు పుట్టించారు. తర్కానికి పుట్టించే పని లేదు, అరబ్బీ నుంచి వచ్చిన 'మంతిక్' అప్పటికే ఉంది. 'నుత్క్' అంటే పలుకు, మాట్లాడటం. మంతిక్ దాంట్లోంచే వచ్చింది. మనిషిని 'హైవాన్-ఎ-నాతిక్' అంటారు, మాట్లాడే జంతువు, ఆలోచించే జంతువు, రెండూ ఆ ఒక్క మాటలోనే. మన తర్కానికి ఊహ, పరీక్ష అనే అర్థాలున్నాయి గాని నోటితో ఇంత దగ్గరి చుట్టరికం లేదు. మన ఇళ్ళల్లో 'తర్కించకు' అని ఆడపిల్లకు చెప్పినప్పుడు మాత్రం అది నోటికే తగులుతుంది.

మరి హైదరాబాదులో మాట్లాడే జంతువుకు ఏ భాషలో మాట్లాడే హక్కుంది? 1921 నవంబరులో, మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన కర్వే అధ్యక్షతన వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగింది. అందులో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మనిషి అధ్యక్ష స్థానంలో ఉన్న సభలోనే ఇది జరగడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. 'అందరి' విద్యకు ఇల్లు కట్టేవాళ్ళు కూడా ఒక్కో తలుపు దగ్గర ఒక్కొక్కరిని ఆపుతూనే ఉంటారు. ఉస్మానియా పరిధిలో ఆడపిల్లలకు విడిగా కాలేజీ 1924లో మొదలైంది. 1949లో అది కోఠీలోని పాత రెసిడెన్సీ భవనంలోకి మారింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. మంతిక్ చదవాలనుకున్న తెలుగింటి పిల్ల ఆ రోజుల్లో దాటాల్సిన నాకాలు రెండు, ఒకటి ఆడపిల్ల కావడం, రెండోది భాష.

దారుల్ తర్జుమాలో పనిచేసినవాళ్ళలో ఒకరి గురించి మన పత్రికల్లో ఎక్కువగా రాయలేదు. మీర్జా మహమ్మద్ హాదీ రుస్వా. 1899లో 'ఉమ్రావ్ జాన్ అదా' రాసిన రుస్వాయే. లెక్కలు, తర్కం, తత్వం ఆయన అసలు ప్రేమలు. చివరి రోజుల్లో లక్నో నుంచి హైదరాబాదు వచ్చి తత్వశాస్త్ర గ్రంథాలు ఉర్దూలోకి తెచ్చి, 1931లో ఇక్కడే పోయారు. ఆ నవల అంతా ఒక తవాయిఫ్ తన కథ తాను చెబుతుంటే రచయిత విని రాసుకున్నట్టు ఉంటుంది. మధ్యమధ్య అనుమానాలడుగుతాడు, ఆమె సమాధానం చెబుతుంది, ఒక్కోసారి దాటేస్తుంది. అదే ఏడాది రుస్వా ఇంకో చిన్న పుస్తకం కూడా తెచ్చాడు, 'జునూన్-ఎ-ఇంతెజార్'. ఇందులో ఉమ్రావ్ ప్రతీకారంగా రుస్వా రహస్యాలు బయటపెడుతుంది. రాసింది రుస్వాయే, నిజమే. కానీ ఒక తవాయిఫ్ మాటను సాక్ష్యంగా నిలబెట్టడం, ఆమెకు తనను ఎదురు ప్రశ్నించే హక్కు ఇవ్వడం అనే ఆట ఆడిన మనిషి హైదరాబాదులో కూర్చుని తత్వశాస్త్రానికి మాటలు వెతికాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది, మంతిక్ లాజిక్ అయింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక లాజిక్ పక్కన తర్కశాస్త్రం నిలబడింది. యాభై ఏళ్ళ తేడాలో ఆ వాదానికి అవే మూడు వాక్యాలు, మూడు లిపులు.

తర్కశాస్త్రం అన్న పేరు వినగానే పాతకాలం వాళ్ళకు గుర్తొచ్చేది తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దం వాడు, ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్ళి స్థిరపడ్డాడంటారు. పసివాళ్ళకు తేలిగ్గా తెలియడానికి రాస్తున్నానని ఆయనే మొదట్లో చెప్పుకున్నాడు. ఆ పసివాళ్ళలో ఆడపిల్లలు లేరు. కానీ ఆయన ఇచ్చిన ప్రధాన ఉదాహరణ వంటిల్లు. కొండ మీద పొగ కనిపించింది కాబట్టి అక్కడ నిప్పుంది, వంటింట్లోలాగా. పొగ ఉన్నచోట నిప్పుంటుందన్న వ్యాప్తి ఎలా తెలిసింది? వంటిల్లు లాంటి చోట్ల పదేపదే చూడటం వల్ల. నాకు ఇక్కడ ఆగాలనిపిస్తుంది. వంటింట్లో పదేపదే చూసింది ఎవరు? పొగ కళ్ళల్లో పడి నీళ్ళు కారుతుంటే నిప్పును ఊదింది ఎవరు? మొత్తం అనుమాన ప్రమాణం వాళ్ళ పొయ్యి మీద నిలబడి ఉంది. కొండ దాకా నడిచి వెళ్ళి తీర్మానం చేసినవాడు మాత్రం వేరే.

ఆ ఉదాహరణకు రెండో భాగం ఉంది, అది ఇంకా బాగుంటుంది. పొగ ఉంటే నిప్పుంటుంది సరే, నిప్పుంటే పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు పొగ తోడవాలంటే తడి కట్టె తగలాలి. ఈ తడి కట్టెను ఉపాధి అంటారు, వాదంలో ఎవరూ చెప్పకుండా దాచుకున్న షరతు. కట్టెలు ఎండలేదని తెల్లారి ఐదింటికే తెలిసిపోయిన ఆడవాళ్ళకు ఉపాధి అనే మాట తెలియదు గాని ఉపాధి తెలుసు. రెండు విషయాలు కలిసి కనిపించాయి కదా అని ఇటునుంచి అటు చేసే అనుమానాన్ని అటునుంచి ఇటు చెయ్యకూడదు. తూర్పు పశ్చిమాల తర్కాలు రెండూ మొదటి పాఠాల్లోనే చెప్పే జాగ్రత్త ఇది.

తర్కం మనకెందుకు అనే ప్రశ్న స్త్రీవాదుల్లో కొత్తది కాదు. 1990లో ఆండ్రియా నై తర్కశాస్త్ర చరిత్రను స్త్రీవాద దృష్టితో చదువుతూ ఒక పుస్తకం రాసింది. గ్రీకు సభల నుంచి ఫ్రేగె దాకా తర్కం ఏ కాలంలో ఎవరి అధికారానికి పనికొచ్చిందో చూపించి, తర్కం బదులు చదవడం అనే నేర్పును పెంచుకుందాం అంది. మూడేళ్ళకు వాల్ ప్లమ్‌వుడ్ వేరే దారి చెప్పింది. తప్పు తర్కానిది కాదు, ఒక తరహా తర్కానిది. 'ఇది' ఏమిటో చెప్పి, 'ఇది కానిది' అంతటినీ ఒకే కుప్పలో పోసే నిషేధం ఆధిపత్యానికి అచ్చుగుద్దినట్టుంటుంది, వేరే తరహా తర్కాలున్నాయి అంది. ప్లమ్‌వుడ్ చిన్నయసూరిని చదివి ఉంటే ఏమనేదో. మన దగ్గర 'కానిది' అన్న నిర్వచనం పడింది పురుషుడి మీద, స్త్రీ కాదు, జంతువు కాదు, జడం కాదు. అయినా కుప్పలో మిగిలింది స్త్రీ, జంతువు, జడమే.

ఈ ఇద్దరిలో నేను ప్లమ్‌వుడ్ వైపు. ఇంకొంచెం ముందుకెళ్ళి కూడా చెబుతాను. తర్కం మగవాళ్ళది, అనుభవం మనది అనే పంపకం మన తెలుగు స్త్రీవాద రచనలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. పంపకం చేసింది మనం కాదు. క్రిస్టీన్ లాడ్ ఫ్రాంక్లిన్ 1882లో జాన్స్ హాప్కిన్స్‌లో తర్కం మీద డాక్టరేటుకు కావలసినదంతా పూర్తి చేసింది. స్త్రీలకు పట్టా ఇవ్వమన్నారు. 1926లో ఇచ్చారు, నలభై నాలుగేళ్ళకు. ఆవిడ అన్నేళ్ళు ఆగింది అనుభవం రాసుకోవడానికి కాదు.

అనుభవం చెబితే చాలదని, చెప్పినదాన్ని నమ్మనివ్వని వాదాన్ని విప్పి చూపాలని మనకు నేర్పిన చోటు గోల్నాకకూ క్యాంపస్‌కూ మధ్యే ఉంది. నల్లకుంట. 1978 మార్చి చివర్లో ఒక రాత్రి సినిమా చూసి భర్తతో వస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకున్నారు. స్టేషన్లో తనపై అత్యాచారం చేశారని ఆమె చెప్పింది. ప్రశ్నించిన ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫున జరిగిన వాదమంతా ఆ రాత్రి స్టేషన్లో ఏం జరిగిందన్నదాని చుట్టూ కాదు. ఆమె వేశ్య అని, ఆమె పెళ్ళి పెళ్ళే కాదని నిరూపించడానికి సాక్షులొచ్చారు. కమిషన్ ఆ వాదాన్ని ఒప్పుకోలేదు, పోలీసులను దోషులని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు వాళ్ళను వదిలేసింది.

తర్కసంగ్రహంలో శబ్ద ప్రమాణం అంటే ఆప్తవాక్యం. ఆప్తుడు అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. తెలుగులోకి వచ్చేసరికి ఆప్తులు అంటే దగ్గరివాళ్ళు, మనవాళ్ళు అయ్యారు. ఆప్తురాలు అంటే స్నేహితురాలు మాత్రమే, ఆమె మాట ప్రమాణం అన్న అర్థం ఆ స్త్రీలింగ రూపానికి అంటలేదు. ఎవరు మనవాళ్ళో వాళ్ళు చెప్పేదే నిజం అన్న దారిలో మాట అర్థం నడిచింది, కమిషన్ ముందు వాదమూ ఆ దారినే నడిచింది. వేశ్య కాబట్టి అత్యాచారం జరిగి ఉండదు. ఈ 'కాబట్టి'కి ముందు ఒక వాక్యం దాచేశారు, వేశ్యలెవరూ ఎప్పుడూ కాదనరు అని. దాన్ని పైకి చెప్పమంటే ఏ వకీలూ చెప్పలేడు. దాచిన ఆ వాక్యాన్ని బయటికి లాగడానికి కావలసింది సానుభూతి కాదు, తర్కం. ఉమ్రావ్ జాన్‌ను ఎనభై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చిన నగరం ఇది. నవలలో వేశ్య మాట సాక్ష్యమైంది, కోర్టులో వేశ్య అన్న నింద పడితే చాలు, సాక్ష్యం చెల్లకుండా పోయింది.

1955 నాటి మిస్సమ్మలో, ఆడవాళ్ళు ఒకటంటే అర్థం ఇంకొకటి తీసుకోవాలని సరదాగా చెప్పే పాట ఒకటుంది. మనమందరం పాడుకున్నదే. 2007లో దాని ఎత్తుగడనే ఒక సినిమాకు పేరుగా కూడా పెట్టారు. రే లాంగ్టన్ 1993లో రాసిన వ్యాసం చదివాక నాకు ఆ పాట మునుపటిలా వినిపించలేదు. మాట్లాడటం అంటే ఒక పని చెయ్యడం అని ఆస్టిన్ చెప్పాడు. వద్దు అనడం తిరస్కరించడం అనే పని. వద్దు అన్న మాట నోట్లోంచి వచ్చినా, వినేవాళ్ళు దాన్ని తిరస్కారంగా తీసుకోవడం అసలు సాధ్యం కాని చోట, ఆ పని జరగనే జరగదు అంటుంది లాంగ్టన్. నోరు నొక్కకుండానే నోరు లేకుండా చెయ్యడం. నా థీసిస్‌లో 'మౌనం' అని రాసిన ప్రతిచోటా నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఇదే సమయంలో మహారాష్ట్రలో మథుర కేసు నడిచింది. 1972లో పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయిపై జరిగిన అత్యాచారం. ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించినట్టు లేదు కాబట్టి సమ్మతించినట్టే అని 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశంలో స్త్రీల ఉద్యమాన్ని కదిలించిన ఆ లేఖలో గుండెకాయ లాంటి మాట ఒక తర్క సూత్రం. సమ్మతిలో లొంగడం ఉంటుంది, కానీ లొంగినచోటల్లా సమ్మతి ఉందనలేం. పొగ ఉంటే నిప్పుంటుంది, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. సుప్రీంకోర్టు ఇనుప గుండును చూసి పొగ ఉందంది. మధ్యలో ఉన్న ఉపాధి, తలుపులు మూసిన పోలీస్ స్టేషన్, దాని లెక్కలోకి రాలేదు.

1974లో ప్రగతిశీల మహిళా సంఘం ఉస్మానియా క్యాంపస్‌లో పుట్టినప్పుడు, 1978లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడినప్పుడు, అందులోని వాళ్ళు తర్కశాస్త్రం తరగతుల్లోంచి రాలేదు. వాళ్ళ 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఎవరి కథ వాళ్ళు తమ పేరుతో, తమ నోటితో చెప్పిన పుస్తకం. పోరాట చరిత్రల్లో అప్పటికి 'ప్రజలు పోరాడారు' అన్న వాక్యం ఉంది. ఆ 'రు' లోపలున్న ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, 'పోరాడింది' అని రాయడం ఆ పుస్తకం చేసిన పని. ఆ 'ది' ఆవుకు వాడే 'ది' కాదు.

చట్టం మారడానికి ఎక్కువ కాలం పట్టింది. 1983లో సాక్ష్య చట్టంలో 114-ఎ సెక్షన్ చేర్చారు. పోలీసుల కస్టడీలో లైంగిక చర్య జరిగిందని రుజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతించలేదనే కోర్టు భావించాలి. అదే చట్టంలో 155వ సెక్షన్ నాలుగో క్లాజు, అత్యాచారం కేసులో స్త్రీ నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి వీలిచ్చేది, 1872 నుంచీ ఉంది. దాన్ని 2002 సవరణతో తీసేశారు. అప్పటికి నల్లకుంట జరిగి ఇరవై నాలుగేళ్ళు, రాయచూరు తీర్పు వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళు.